పైన్‌కు మొదటి తరగతి

జ్లాతార్ కొండవాలున రంపపు మిల్లు వీధి అని ఒక వీధి ఉన్నది. మిల్లు మూతబడి పదిహేనేళ్ళు దాటింది. వీధికి మాత్రం ఆ పేరు ఊడలేదు. ఆ వీధిలో కలపను గురించి కడపటి మాట పలికే అధికారం ఒబ్రెన్ పూరిచ్‌ది. ముప్పై ఒక్క సంవత్సరాలు అతడు మిల్లు ఆవరణలో దుంగల తరగతి నిర్ణయించాడు. కొండ మీదినుండి దిగిన ప్రతి దుంగ ముందరా నిలిచి, కోసిన ముఖాన్ని అరచేత తడిమి, సుత్తితో ఒక దెబ్బ వేసి, దాని పలుకును చెవియొగ్గి విని, అటుపిమ్మట సుత్తి వెనుక వైపున పోతపోసిన అంకెతో ముద్ర కొట్టేవాడు. ఒకటి, రెండు, మూడు. కొట్టిన ముద్ర చెరగాలంటే దుంగను కోయవలసిందే తప్ప వేరే ఉపాయం లేదు.

ఒక సంవత్సరం పరదేశపు బేరగాడు వస్తున్నాడని, లోన పుచ్చిన బుక్వ చెట్టు దుంగలకు ఒకటో అంకె వేయమని మిల్లు డైరెక్టరు ఆజ్ఞాపించాడు. ఒబ్రెన్ వేయలేదు. ఆ చలికాలమంతా అతనిచేత ఆవరణలో మంచు తవ్వించారు. తవ్వాడు. కుడిచేతి వేళ్ళు రెండు ఆ చలికి మొద్దుబారి మళ్ళీ స్వాధీనం కాలేదు. అయితే అది మొదలు వీధివారు అతని పేరెత్తేటప్పుడు గొంతు కొంచెం తగ్గించి పలికేవారు. బీదవానికి దైవమిచ్చిన సొత్తు వాక్కు ఒక్కటే. దానిని ఒబ్రెన్ ఏనాడూ ఎవరివద్దా కుదువ పెట్టలేదు.

ఆ సీమలో బుక్వ రాజవృక్షం. బూడిదరంగు నున్నని బెరడు, మాంసపు చాయ గల చేవ. దాని మొద్దు ఒకటి పొయ్యిలో వేసి, గాలి మూసి పడుకుంటే, తెల్లవారి లేచేసరికి నిప్పు ఇంకా కన్ను తెరిచే ఉంటుంది. పైన్ అటువంటిది కాదు. కొండ మీద నిటారుగా నిలిచినంతసేపే దాని దర్జా. పొయ్యిలో పడిందంటే చిటపటలాడి, జిగురు కక్కి, గడ్డివలె భగ్గుమని ఆరిపోతుంది. పైన్ కాల్చే ఇంటికి పిల్లను ఇవ్వరాదని అక్కడ ఒక వేళాకోళపు మాట ఉన్నది. వేళాకోళమే గాని, సంబంధానికి వెళ్ళినవారు పెరటిలోని కట్టెల పోగు వైపు ఒకమారు చూడకుండా కూర్చునేవారు కారు.

ఇప్పుడు ఆ వీధిలో కట్టెలు కొట్టే ఇల్లు లేదు. అందరిదీ పెల్లెట్ పొయ్యే. రంపపు పొట్టును ఇనుప రంధ్రాలగుండా అదిమి తీసిన, పెన్సిలు ముక్కలవంటి గుళికలు మూటలుగా వస్తాయి. పొయ్యి నెత్తిన పోస్తే లోపలి మర వాటిని కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోకి జారుస్తుంది. చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది. ముందరి అద్దం వెనుక మంట ఆడుతుంది. ఏటేటా ఆగస్టులో వీధివారు లారీ జాబితా కడతారు. ఎవరికి వారు విడిగా కొంటే దళారి చేతిలో పడవలసిందే. ఇరవై ఇళ్ళూ కలిస్తే తయారీదారే లారీ నిండా పంపి గుమ్మాల ముందు దింపిపోతాడు. కాని లారీ నిండా వచ్చేది ఒకే రకం. కనుక ఏ రకమన్నది ఒక్కరే నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి ఇరవై ఇళ్ళూ చలికాలం పొడుగునా కట్టుబడాలి. పదకొండేళ్ళుగా ఆ ఒక్కరు ఒబ్రెన్.

అతని పరీక్ష యజ్ఞంవలె నియమబద్ధంగా జరిగేది. గుప్పెడు గుళికలు గాజు గ్లాసు నీళ్ళలో వేసి, మునుగుతాయో తేలుతాయో, ఎంత సేపటికి విచ్చుతాయో చూచేవాడు. మూట అడుగున పేరుకున్న పొడిని జల్లెడ పట్టేవాడు. నాలుగు గుళికలు అరచేతుల మధ్య నలిపి, కళ్ళు మూసి, వాసన పీల్చేవాడు. అందులో జిగురుమందు కలిపారా, పాత బల్లల చెక్క కలిపారా అనేది ముక్కుకే తెలియాలి. ఆ తరువాత ఒక్కొక్క మూటను ఒక్కొక్క రోజు, ఒకే కొలత గాలితో, ఒకే కొలత గుళికల మేతతో తన పొయ్యిలో కాల్చి, బూడిదను కాఫీ గిన్నెలలో నింపి కిటికీ గట్టున వరుసగా పెట్టేవాడు. ఆగస్టు ఎండలో పొయ్యి మండుతున్న ఆ ఇంట అతని భార్య దెసాంకా చెమటలు కక్కుతూ పెరటిలో వంట చేసుకునేది. పరీక్షకు వచ్చినవన్నీ బుక్వ గుళికలే. పైన్ గడప దాటిన జాడ లేదు.

ఆ ఏడు ఒక లారీ డ్రైవరు, పై కొండ మీద కొత్తగా పెట్టిన కర్మాగారపు పైన్ మూట ఒకటి వాకిట పడేసి, కాల్చి చూడమని నవ్వి వెళ్ళాడు. ఒబ్రెన్ దానిని వెక్కిరించడానికే కాల్చాడు. సాయంకాలానికి అతని వెక్కిరింత ఆరిపోయింది. అద్దం కడిగినట్టే ఉన్నది. మంట పొడుగ్గా, తెల్లగా, కదలక నిలిచింది. ఇల్లు బుక్వ రోజుకంటె వేడెక్కింది. బూడిద రెండు కాఫీ గిన్నెలు నిండలేదు. ముందురోజు కాలిన బుక్వది ఐదు నిండి పొంగింది, పైగా నిప్పుగిన్నె అడుగున గాజువలె గట్టి పెళ్ళ కట్టింది. తాను పొరబడ్డానేమోనని మరునాడు మళ్ళీ కాల్చాడు. ఆ తరువాతి రెండు రోజులూ మరి రెండు బుక్వ రకాలు కాల్చి, తిరిగి పైన్‌కు వచ్చాడు.  అయిదవ నాడు దెసాంకా కిటికీ గట్టున గిన్నెలు చూచి, ఏ గిన్నె ఏదో అడిగి తెలుసుకుని, చాలసేపు తుడిచిన బల్లనే తుడిచింది.

"తెలిసింది నీకు గదా, నీలోనే ఉంచుకో. బుక్వ అనేస్తే అందరూ ఇళ్ళకి పోతారు, చలికాలం ఎలాగో గడిచిపోద్ది" అంది.

"తప్పు ముద్ర వెయ్యమంటావా?"

"ముద్రేంటయ్యా? మిల్లే లేదు."

వుకాషిన్ ఇంటి ముందరి బెంచీ దగ్గర వీధి సమావేశమయింది. ఈ వుకాషిన్ ఒబ్రెన్ పెళ్ళికి సాక్షిగా నిలిచినవాడు. రక్తసంబంధం తెగినా తెగదగిన బంధం కాదది. పెళ్ళిసాక్షిని అక్కడ కూమ్ అంటారు; ఒకరినొకరు 'కూమా' అని పిలుచుకుంటూ నలభై ఏళ్ళు గడిపారు. ఒబ్రెన్ లేచి, ఈసారి పైన్ అన్నాడు. మొదట ఎవరూ నవ్వలేదు, తమకు సరిగా వినబడలేదనుకున్నారు. ఆ తరువాత స్తామెనా నవ్వింది. ఆమె వీధి మొదట ఉన్న ఇంటావిడ, డెబ్బై దాటిన మనిషి, ఎదుటివాని గాయం ఎక్కడున్నదో మాటకు ముందే కనిపెట్టే నాలుక కలది. పక్షవాతంతో మంచం పట్టిన భర్త మిలోయేను ఆరేళ్ళుగా ఒంటిచేతి మీద సాకుతున్నందున ఆమె ఏమన్నా వీధి సహించేది.

"ముప్పై ఏళ్ళు దానికి మూడో నంబరు కొట్టావు గదా తమ్ముడూ, అదే చేత్తో ఇప్పుడు ఒకటి కొడతన్నావా? ఆ చెయ్యి సగం చచ్చిందంటే ఏమో అనుకున్నా."

ఒబ్రెన్ తన వేళ్ళ వైపు చూడలేదు. "మూడో నంబరు దుంగకి, అక్కా. గుళికకి కాదు. పొట్టు చేసి అదిమాక కొమ్మ ముడులుండవు, పగుళ్ళుండవు. మిగిలేది మంటా, బూడిదా. రెంటిలోనూ పైనే గెలిచింది. నేను కాల్చి చూశాను."

గిన్నెలు తెచ్చి చూపాడు. బూడిద చూచి తలలూపారు గాని, బూడిదను ఎవరు నమ్ముతారు? చివరకు వుకాషిన్ మోకాళ్ళ మీద చేతులూని లేచి, మంటను నమ్మి కాదు, కూమ్ మాటను నమ్మి తీసుకుంటున్నామని తీర్పు చెప్పాడు. ఒబ్రెన్ అప్పుడే ఒక హెచ్చరిక చేశాడు: మంట తగ్గించాలంటే మేత తగ్గించండి, గాలి మాత్రం మూయకండి. ఆగస్టు ఎండలో ఆ మాట ఎవరి చెవిని ఎక్కుతుంది?

అక్టోబరు నడిమికి పొయ్యిలు వెలిగాయి. ఇక్కడ జరిగిన పొరపాటు ఆ వీధివారు తప్ప మరొకరు చేయలేనిది. పైన్ గడ్డివలె పారిపోతుందని ప్రతి ఇల్లాలికీ తల్లిపాలతో వచ్చిన జ్ఞానం. పారిపోయేదానిని పట్టి నిలపాలంటే గాలి మూయాలన్నది కూడా ఆ పాలతో వచ్చినదే. కనుక ఒబ్రెన్ ఇల్లు తప్ప అన్ని ఇళ్ళలోనూ, ప్రతి ఇల్లాలూ తానొక్కతే తెలివిగలదాననుకొని, ఫ్యాను గాలిని కిందికి దించింది. గాలి చాలని మంట పచ్చబడి, నాలుక చాచి, పొగ కక్కింది. వారం తిరిగేసరికి అద్దాలు నల్లబడ్డాయి. రెండు వారాలకు గుళికలు సగం కాలి బొగ్గులై నిప్పుగిన్నెలో గుట్టపడ్డాయి. వేడి చాలక మేత పెంచారు. మేత పెరిగి పొగ పెరిగింది. పైన్ గుణమే అంతని ఒకరితో ఒకరు చెప్పుకుని తృప్తిపడ్డారు. తాము ముందే అనుకున్నది నిజమైనప్పుడు మనుష్యునికి కలిగే సుఖం ముందు, చలి కూడా చిన్నదే.

ఒబ్రెన్ ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు తలుపు తీసి, వింటున్నట్టు నిలబడి, అతడు గాలి తెరిచి వెళ్ళగానే తిరిగి మూశారు. కొందరు గడపలోనే నిలబెట్టి మాట్లాడారు. ఒకావిడ తన నల్లబడ్డ కిటికీ తెరను అతని చేతిలో పెట్టి ఉతికి తెమ్మంది. స్తామెనా మాత్రం తలుపు బార్లా తెరిచి, పొయ్యికి అడ్డంగా నిలుచుంది.

"ఎంత తెరవాలో నాకు చెప్తన్నావా? ఈ పొయ్యికి నేను దాసీదాన్నీ, నువ్వు యజమానివీనా? మంచంలో ఉన్నోడు నా మొగుడు, దగ్గేది వాడు. నువ్వు తెచ్చిన చెత్తకి దగ్గుతున్నాడు."

"దగ్గేది చెత్తకి కాదక్కా. గాలి మూసినందుకు."

"ముసలాడా, బుక్వకీ మూసేదాన్నే. అప్పుడు దగ్గలేదే?"

దానికి అతని దగ్గర జవాబు ఉన్నది: బుక్వ కొద్ది గాలితో సరిపెట్టుకుంటుంది, జిగురున్న పైన్ సరిపెట్టుకోదు. కాని అది వినడానికి ఎదుట మనిషి లేదు, ఒక నమ్మకం మాత్రమే ఉన్నది. మంచం మీద మిలోయే కళ్ళు మాత్రం ఒబ్రెన్ వైపు తిరిగాయి. ఒకప్పుడు అతడు ఒబ్రెన్ ముద్ర కొట్టిన దుంగలను లారీలకెత్తినవాడు. ఇప్పుడు అతని దేహంలో కదిలేవి కళ్ళూ, ఎడమ చెయ్యీ మాత్రమే.

నవంబరు మొదట్లో వుకాషిన్ ఇంటి పొగగొట్టంలో పేరుకున్న మసికి నిప్పంటుకుంది. ఎవరికీ దెబ్బ తగలలేదు. గోడ ఒకటి పైకప్పు దాకా నల్లబడింది. వుకాషిన్ భార్య పెళ్ళినాటి చిత్రం దానితో పోయింది. ఆ సాయంకాలమే వుకాషిన్ ఒబ్రెన్ గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా, ఇన్నాళ్ళూ నీ మాటను గుడ్డిగా మోశాను, మోసినందుకు గోడ కాలింది, ఇక నీ మాట నీ దగ్గరే పెట్టుకో అని చెప్పి వెళ్ళాడు. అతడు 'కూమా' అనలేదు. దెసాంకా లోపలినుండి ఆ సంగతి గమనించింది. ఒబ్రెన్ గమనించనట్టు ఉండటానికి ప్రయత్నించాడు.

ఆ నెలలోనే వచ్చే మహాదూత మిహాయిలు పండుగ ఒబ్రెన్ ఇంటి కులపర్వం. ఆ పర్వానికి పిలుపులుండవు. పిలవడం అపచారం. ఇంటివారు బల్ల పరిచి, తలుపు గడియ తీసి, మైనపు వత్తి వెలిగించి నిలబడతారు. ఎవరి మనసులో ఆ ఇంటికి ఎంత చోటున్నదో వారంతట వారే వచ్చి చూపుతారు. నలభై ఏళ్ళుగా ఆ రోజున ఒబ్రెన్ ఇంట కుర్చీలు చాలక పొరుగిళ్ళనుండి బెంచీలు తెచ్చేవారు. ఈ ఏడు దెసాంకా రెండు రోజులు ముందునుంచీ క్యాబేజీ ఆకుల చుట్టలు వండింది. పంది మాంసం కాల్చింది. తేనె కలిపిన గోధుమల ప్రసాదం పెద్ద పళ్ళెంలో పేర్చి పైన బాదంపప్పుతో శిలువ దిద్దింది. ఉదయం అర్చకుడు వచ్చి, పండుగ రొట్టె మీద ద్రాక్షసారా పోసి, దానిని కోసి, ఆశీర్వదించి, బల్ల చివరిదాకా పరచిన పళ్ళాలను ఒకమారు చూచి, తొందరగా వెళ్ళిపోయాడు.

అతిథి కూర్చునేవరకు గృహస్థు కూర్చోరాదన్నది ఆచారం. ఒబ్రెన్ నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటింది. వీధిలో అడుగుల సవ్వడి వినబడినప్పుడల్లా దెసాంకా మూకుడు మీద చెయ్యి వేసేది. అడుగులు గేటు దాటి వెళ్ళేవి. వాటిని దాచుకోవడానికి ఎవరూ ప్రయత్నించలేదు. కొందరు కావాలనే గేటు దగ్గర నెమ్మదించి, గట్టిగా దగ్గి, ముందుకు నడిచారు. వుకాషిన్ రాలేదు. పెళ్ళిసాక్షి రాని కులపర్వం ఆ కొండల్లో ఎవరూ విని ఉండలేదు. వత్తి కరిగి మొదలంటింది. అప్పుడు కూడా ఒబ్రెన్ నిలబడే ఉన్నాడు. దెసాంకా అతని వెనుక కుర్చీ పెట్టి, భుజం మీద చెయ్యి వేసి, కూర్చోమని బతిమాలింది. అతిథి రాకుండా తానెలా కూర్చుంటానని అతడు అడిగాడు. అడిగింది నిజంగా తెలుసుకోవడానికే అన్నట్టు ఉంది ఆ గొంతు. ఆమె ఏడుస్తూ పళ్ళాలు తీసింది.

ఆ రాత్రి వాన కురిసింది. తెల్లవారి అతడు తలుపు తీసేసరికి గేటు ముందు గుట్టగా పైన్ మూటలు పడి ఉన్నాయి. వీధి తనకిక అక్కర్లేదన్న మూటలన్నీ మోసి తెచ్చి అక్కడ పారేసింది. పారేయడం వరకైతే ప్లాస్టిక్ సంచుల్లోని గుళికలు తడిసేవి కావు. వాటిలో చాలావాటిని కత్తితో నిలువునా చీల్చారు. చీలికలగుండా నీరు దిగి, గుళికలు నానిన అటుకులవలె ఉబ్బి, పగిలి, పచ్చని పొట్టుగా రోడ్డు మీదికి పారుతున్నాయి. ఒబ్రెన్ మోకాళ్ళ మీద కూర్చుని, మొద్దుబారిన చేతితో ఒక్కొక్క మూట తిప్పి చూస్తూ, కత్తి పడనివి పద్నాలుగు ఏరి కొట్టంలోకి ఈడ్చాడు. వీధి కిటికీలలోని తెరలు కదిలాయి. ఒక్కరూ బయటికి రాలేదు. ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో నవ్వారు.

అతడు ఆ పూట ఏమీ తినలేదు. మంటను గురించి తాను చెప్పిన మాటలో తప్పున్నదేమోనని ఆ రోజే మరొక మూట కాల్చి, బూడిద గిన్నెలో ఎత్తి చూచాడు. రెండు గిన్నెలు నిండలేదు. తాను తప్పు చెప్పి ఉంటే ఎంత బాగుండునని అతనికి జీవితంలో మొదటిసారి అనిపించింది.

వీధివారు బుక్వ లారీకి కొత్తగా జాబితా కట్టారు. శుక్రవారం వస్తుందన్నారు; అందాకా చాలేటన్ని గుళికలే ఇళ్ళల్లో ఉంచుకున్నారు. గురువారం నుంచి మంచు మొదలై, మూడు రోజులు ఎడతెగక కురిసి, కనుమదారి మూసుకుపోయింది. లారీ కనుమకు ఆవల నిలిచింది. ఇళ్ళల్లో మిగిలిన గుళికలు అయిపోయాయి. పాత కట్టెల పొయ్యిలను ఏనాడో పాత ఇనుముకింద అమ్మేశారు. కరెంటు హీటర్లు బయటికి తీశారు. అందరూ ఒకేసారి తీసేసరికి వీధి ఫ్యూజు రెండుసార్లు ఎగిరింది. ఆ తరువాత ఒక్కొక్క ఇంటికి ఒక్కటి చొప్పున, అదీ చిన్నది వాడుకోమని లైన్‌మన్ చెప్పి వెళ్ళాడు. స్తామెనా ఇంటి తీగలు ఆమె అత్తగారి కాలంనాటివి. హీటరు తగిలిస్తే గోడలో వాసన పుట్టింది. ఆమె దానిని తీసి, తన కంబళి కూడా మిలోయే మీద కప్పి, ఒక పగలంతా భరించి, మరునాడు పొద్దున్నే చిన్న చెక్క బండిని మంచు మీద లాక్కుంటూ ఒబ్రెన్ గేటు ముందు నిలిచింది.

"తమ్ముడూ, ఒక్క మూట ఇయ్యి. మిలోయే కాళ్ళు నీలం తిరిగాయి."

ఒబ్రెన్ గేటుకు లోపలి వైపున నిలుచున్నాడు. గడియ తీయలేదు. "ఏ మూట కావాలి?"

"ఏదో ఒకటి."

"నా దగ్గర ఏదో ఒకటి లేదు. పైన్ ఉంది."

"పైనే ఇయ్యి నాయనా."

"మొన్న ఇక్కడ పారబోసింది అదే గదా."

"అందరూ పారేశారు, నేనూ పారేశాను. మంద ఎటుపోతే గొర్రె అటు. ఆ మాట ఇప్పుడెందుకు?"

అతడు వీధి పొడుగునా చూచాడు. మంచుకు అటూ ఇటూ ఇళ్ళు చెవులు రిక్కించిన కుక్కలవలె కూర్చుని ఉన్నాయి. చలికాలం పదిమంది గడపల్లో పడిన అవమానమూ, ఖాళీ బల్ల ముందర నిలిచిన పగలూ అతనికి ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

"పైన్ గుళిక బుక్వకంటే మంచిదని చెప్పు. వీధికి వినపడేలా చెప్పు."

దెసాంకా తలుపులోంచి, "ఇచ్చి పంపించవయ్యా, చలికి కొయ్యబారిపోతోంది మనిషి" అంది.

"చెప్పాకే."

స్తామెనా అతని ముఖం వైపు చూచింది. ఎదుటివాని గాయం ఎక్కడున్నదో కనిపెట్టే ఆ కళ్ళకు ఇప్పుడు దానిని వెదకవలసిన పని లేకపోయింది. ఆమె పెదవులు చలికి పగిలి ఉన్నాయి. "పైన్ మంచిది" అంది.

"దేనికంటే?"

"బుక్వకంటే."

"గట్టిగా. వుకాషిన్ కిటికీ మూసి ఉంది."

ఆమె తలకు చుట్టుకున్న గుడ్డను ఒక చేత్తో పట్టుకుని, వీధి వైపు తిరిగి, ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచింది. గొంతు మధ్యలో విరిగి, మిగతా మాట దగ్గులో పోయింది. మళ్ళీ మొదటినుండి చెప్పమన్నాడు ఒబ్రెన్. చెప్పింది. ఎదురింటి తెర కదిలింది. అతడు అప్పుడు గడియ తీసి, కొట్టంలోంచి మూట తెచ్చి, బండి మీద పెట్టాడు. దెసాంకా తలుపు వేసుకుని లోపలికి పోయింది. 

జయించినవానికి కలగవలసిన ప్రశాంతి అతనికి కలగలేదు. ఏదో లోపించింది. ఆమె నోటితో పలికింది సరే, మంటను చూస్తే కదా నిజం మనసుకెక్కుతుంది! ఒకమారు ఆమె కళ్ళారా చూస్తే చాలు, ఆమె నాలుక వీధి అంతటికీ చాలుతుంది. ఈ తలంపు రాగానే అతడు కోటు వేసుకుని వీధి మొదటికి నడిచాడు.

తలుపు తీసేసరికి పొగ కొట్టింది. పొయ్యి వెలిగించి ఇంకా అరగంట కాలేదు, అద్దం అప్పుడే గోధుమరంగు తిరిగింది. గాలి మీట అట్టడుగున ఉన్నది. మిలోయే మంచంలో తల పక్కకు వాల్చి దగ్గుతున్నాడు. దగ్గిన ప్రతిసారీ అతని ఎడమ చెయ్యి లేచి పొయ్యి వైపు చాచి, పడిపోతున్నది. ఆ చెయ్యి ఏమి చూపుతున్నదో ఆరేళ్ళుగా సేవ చేస్తున్న భార్యకు తెలియలేదు. తరగతి కట్టేవానికి ఒక్క చూపులో తెలిసింది.

ఒబ్రెన్ వంగి మీట పైకెత్తాడు. నిప్పుగిన్నెలో పేరుకున్న బొగ్గులను ఇనుప కడ్డీతో కదిలించి దులిపాడు. మంట ఒకసారి ఉలిక్కిపడి, నిలబడి, తెల్లబడింది. పావుగంటకు గదిలో పొగ పలచబడింది. అరగంటకు కిటికీ మీది మంచు లోపలినుండి కరిగి కారసాగింది. మిలోయే దగ్గు ఆగింది. అతడు ముఖాన్ని వేడి వైపు తిప్పి కళ్ళు మూసుకున్నాడు.

"చూడక్కా" అన్నాడు ఒబ్రెన్. అతని గొంతులో కొన్ని వారాలుగా లేని మెత్తదనం ఉన్నది. "చూడు, ఎట్లా ఉందో."

స్తామెనా మంటను చూడలేదు. అతనిని చూచింది, చూచి, చేతులు కట్టుకుని, గేటు దగ్గర వాడిన గొంతుతోనే, "అవును తమ్ముడూ, పైన్ మంచిది, బుక్వకంటే మంచిది" అంది.

ముప్పై ఒక్క సంవత్సరాలు దుంగల పలుకు విన్న చెవి అది. ఆ మాటలో ఏమి లేదో దానికి వేరే చెప్పవలసిన పని లేదు. ఒబ్రెన్ టోపీ పెట్టుకుని బయటికి వచ్చాడు. మంచులో అడుగులు దిగబడుతుండగా, ఇల్లు చేరేలోపున రెండుసార్లు వెనుదిరిగి చూచాడు. మొదటిసారి ఆమె పొగగొట్టం మీద పొగ దూదిదారంవలె సన్నగా, తెల్లగా లేస్తున్నది. రెండవసారి అది నల్లబడి, దట్టమై, వీధి మీదికి వాలుతున్నది.

మరునాడు ఉదయం ఆమె మళ్ళీ వచ్చింది. ఆమె వెనుక, కొంచెం ఎడంగా, తలలు వంచుకుని మరి ముగ్గురు ఖాళీ బండ్లతో నిలిచారు; వారిలో వుకాషిన్ ఒకడు. ఒబ్రెన్ గేటు దాకా రాకముందే, ఎవరూ అడగకముందే, స్తామెనా వీధి వైపు తిరిగి అరవడం మొదలుపెట్టింది. పైన్ బుక్వకంటే మంచిది. ఒబ్రెన్ మాట నిజం. ఆమె గొంతు నిన్నటికంటె బాగా పలికింది. ఇంట్లో సాధన చేసి వచ్చినట్టున్నది. ఆమె వెనుక ముగ్గురూ తమ వంతు కోసం పెదవులు తడుపుకున్నారు.

ఆ మాట డొల్ల అని ఒబ్రెన్‌కు తెలుసు. గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఆమెను ఆపలేదు, కడపటి అక్షరం దాకా విన్నాడు.